ఉడుముల గుట్ట చెవులు

ఇప్పుడంటే నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజు పొద్దున హైదరాబాదులోని మా ల్యాబులో నా పై ప్రాణాలు పైనే పోయాయి.

చేతిలో టీ ఉంది. ఎదురుగా తెర మీద పన్నెండు గీతలున్నాయి, రోజూ ఎగిరెగిరి పడే గీతలు. నేను చూస్తుండగానే వాటిలో ఒకటి చదునైపోయింది. ఏదో సిగ్నల్ తెగిందనుకున్నాను. ఓ గుక్క టీ తాగేలోపు రెండోది పోయింది, దాని వెనకే మూడోది. చివరిది కూడా పడుకున్నాక హెడ్‌ఫోన్లు తగిలించుకుని విన్నాను. ఏమీ వినపడలేదు. మా సారు ఇందుశేఖర్ గారు పరుగున వచ్చి, "సెన్సర్ పోయిందేమో భూలక్ష్మీ" అన్నారు.

"పన్నెండూ కూడబలుక్కుని పోతాయా సార్?" అని కసిరాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పెద్దాయన పాపం, పదేళ్లుగా నా నోటికి అలవాటు పడిపోయారు.

ఆ గీతలు ఉడుముల గుట్టవి. భద్రాచలం దాటి అడవిలోకి వెళితే మా కోయల ఊరొకటుంది, పాలవాగు గుంపు. ఉడుముల గుట్ట సరిగ్గా ఊరి నెత్తిన ఉంటుంది. ఒకప్పుడు అడవితో, తేనెపట్లతో కళకళలాడేదట. నాకు ఊహ తెలిసేసరికి కంకర క్వారీవాడొచ్చి గుట్టను సగానికి కొరుక్కుతిని పోయాడు. పోతూ పోతూ 'గుట్ట మీద మళ్లీ అడవి పెంచాం' అని కాగితాల మీద రాసి, ఫోటోలు కూడా పెట్టాడు. ఆ ఫోటోల్లోవి ఏ ఊరి చెట్లో ఆ మహానుభావుడికే తెలియాలి. మాకు మిగిలింది గడ్డి కూడా మొలవని బూడిదరంగు దిబ్బ.

అందుకే నేల చెవి తయారుచేశాం. చూడ్డానికి మోచేతి పొడవు ఉక్కు కడ్డీ, అంతే. దాని కొసన మా ల్యాబులో పెంచిన బూజు దారాలుంటాయి, ప్రాణమున్నవి. నేలలో గుచ్చితే అవి మట్టిలోకి పాకి, చెట్ల వేళ్లను వెతుక్కుని అల్లుకుంటాయి. అలా అల్లుకోవడానికి ఒక వానాకాలం పడుతుంది. ఆ తర్వాత వానపాము కదిలినా, చీమ తవ్వినా, వేరు నీళ్లు పీల్చినా ఆ సవ్వడి దారాల్లోంచి కడ్డీకి, కడ్డీ నుంచి మా తెరకు వస్తుంది. చచ్చిన నేల పలకదు, బతుకుతున్న నేల ఊరుకోదు. ఇక అబద్ధపు ఫోటోలతో పనిలేదు.

ఈ చెవుల్ని నమ్మి పచ్చనేల నిధి వాళ్లు ముందుకొచ్చారు. ఆదివాసీ ఊళ్లలో పాడైన నేలల్ని బాగుచేసుకోవడానికి సొమ్ము సమకూర్చే సంస్థ అది. గుట్ట పలుకుడు పెరిగేకొద్దీ విడతల వారీగా సొమ్ము ఊరి కమిటీ ఖాతాలో పడుతుంది. వినేది కంప్యూటరే, ఇచ్చేదీ కంప్యూటరే. మధ్యలో కాంట్రాక్టరు లేడు, చెయ్యి తడపాల్సినవాడు లేడు. ఈ ముక్క ఎన్ని సభల్లో ఎంత గొప్పగా చెప్పుకున్నానో! బతిమాలుకోవడానికి కూడా ఎవడూ లేడన్న సంగతి మాత్రం ఆ పొద్దునే తట్టింది.

ఎందుకంటే నిధికి రెండు నియమాలున్నాయి. వాలు మీద మనుషులు, పశువులు నడవకూడదు, అడుగుల చప్పుడుకి చెవులు చెడతాయి. చెవుల చోటు మారకూడదు, మారితే ఆ రోజుతో సరి. ఎక్కడో ఎవరో చెవులు పీకి అరటితోటలో గుచ్చి సొమ్ము లాగబోయారట, అందుకని ఆ రెండోది పెట్టారు. నెలాఖరున ఉడుముల గుట్టకు ఆఖరి లెక్క ఉంది. అది గట్టెక్కితే సోలార్ పంపు, పైపులు, నీళ్ల ట్యాంకు వస్తాయి, గుట్ట ఊరి చేతికొస్తుంది. లేదంటే అంతా రద్దే.

ఇదంతా తలకెత్తుకున్నది మా అక్క ఎర్రమ్మ. మూడేళ్ల కిందట ఊరంతా కూర్చున్నప్పుడు, వాలు మీద పోడు మానేయడానికి ఎవరూ ఒప్పుకోలేదు. అప్పుడు అక్క లేచి నిలబడింది. "నా చెల్లె చెప్పింది, ఇది అయితది. కాకపోతే అందరొచ్చి నా మొగాన ఉమ్మెయ్యుండ్రి" అంది. ఆ ఒక్క మాట మీద ఊరు ఒప్పుకుంది. మొదటి ఏడాది అందరూ కలిసి రాతికట్టలు కట్టారు, మొక్కలు నాటారు, చెవులు గుచ్చారు. ఆ తర్వాత కంచె పడింది. ఇప్పపూవు ఏరుకోవాలన్నా ఆడవాళ్లు వాగు చుట్టూ తిరిగిపోయారు. పోడు లేక మగవాళ్లు, పిల్లల తల్లులు కూడా ఏటా మిరపకోతకు వలస పోయారు. మా బావ జోగయ్య చేతులు మిరప మంటకు తోలు లేచిపోయి ఉంటాయి. ఎవరేమన్నా అక్క మాత్రం కంచె బయట నిలబడి గుట్టనలా చూస్తూ ఉండేది.

అక్కకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఇక ఆగలేక కారు మాట్లాడుకుని బయల్దేరాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన, క్వారీవాళ్లు వచ్చి పీకేశారేమోనని. ఆ క్వారీవాడి గొంతు పిసకడానికి సరిపడా కోపం మూటగట్టుకుని, పొద్దు వాలుతుండగా ఊళ్లో దిగాను.

ఊళ్లో డోలు మోగుతోంది! ముగ్గులు, కొత్తచీరలు, ఇప్పసారా వాసన. విత్తనాల పండుగ. మేం విజ్జ పండుం అంటాం. దుక్కికి ముందు ప్రతి ఇంటి నుంచీ గుప్పెడు విత్తనాలు తెచ్చి ఒకచోట కలిపి, పూజ చేసి, మళ్లీ పంచుకుని పోతాం. పండుగన్న సంగతే నేను మర్చిపోయాను. అక్క నన్ను చూసి ఎదురొచ్చింది. మేం మాట్లాడుకునేది కోయలోనే, మీ కోసం తెలుగులో చెబుతున్నాను.

"మా బూలచ్చి పండక్కొచ్చింది! ఫోనన్న చెయ్యకుండ దిగినవేందే?"

"నేను చెయ్యలేదా? పొద్దుగాల్నుంచి ఎన్నిసార్లు కొట్టిన్నో చూస్కో!"

"పండగల ఫోనెవరు చూస్తరే" అని నా చెయ్యి పట్టుకుని పండుగ గుడిసె దగ్గరికి లాక్కుపోయింది.

గుడిసెలో ఊరి ఇనుమంతా పోగుపడి ఉంది. నాగటి కర్రులు, గడ్డపారలు, కొడవళ్లు, పశువుల్ని కట్టేసే మేకులు. వాటి పక్కన కొత్త చాప మీద, శుభ్రంగా కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, వరసగా పడుకోబెట్టి ఉన్నాయి నా పన్నెండు చెవులు.

నేను పెట్టిన కేకకు డోలు ఆగిపోయింది.

"ఎవరు పీకిన్రే వీటిని?"

"పీకుడేంది, మంచిగ తీసినం" అంది అక్క. "ఇంటికొకరం పోయినం. పొద్దు పొడవంగనే, చెప్పుల్లేకుండ, మొక్క నలగకుండ పోయి తీసినం. కింద ఏర్లసొంటి దారాలు యాలాడుతుంటే లాగలే. ఏరు పీకొద్దు గదా. కత్తిరించి, ఆడ్నే మట్టి కప్పొచ్చినం."

"దారాలు గూడ కత్తిరించిన్రా!" కడ్డీ ఒకటి తీసి కొస చూశాను. "అసలెందుకు తీసిన్రు?"

"ఇనుము గాదా?"

మా గుంపులో ఆ పట్టింపు ఉంది. విత్తనాల పండుగ నాడు నేలలో ఇనుము ఉండకూడదు. విత్తనం పట్టబోయే నేలను ఆ రోజు పొడవకూడదంటారు. పశువుల మేకులతో సహా పైకి తీసేస్తారు. నాకు తెలియనిదా, ఆ పట్టింపుతోనే పెరిగాను.

"కిందటేడు ఇనుము గాదా ఇవి? అంతకుముందేడు గాదా? అప్పుడు తియ్యనోళ్లు ఇప్పుడెందుకు తీసిన్రు?" అని అరిచాను.

దానికి పెర్మ ముత్తయ్య తాత జవాబు చెప్పాడు. పెర్మ అంటే మా ఊరి పూజారి. ఇంత గొడవలోనూ ఆయన నిదానంగా విత్తనాల బుట్టలు సర్దుకుంటున్నాడు.

"అప్పుడు గుట్ట సచ్చి ఉండె బిడ్డా. సచ్చిన నేలకు పండగేంది? దాంట్ల ఇనుమున్నా ఒకటే, లేకున్నా ఒకటే. గీ యేడు కంచె కాడ నిలబడి సూసిన. మట్టి నల్లబడ్డది. వాన పడ్డ తెల్లారి పుట్టగొడుగులు లేసినయి. ఇది ఇత్తనం పట్టే నేలనే అన్న. గుట్టని మళ్ల మా పండగల కలుపుకున్నం. కలుపుకున్నంక ఇనుమెట్ల ఉంచుతం?"

కారులో మోసుకొచ్చిన కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. మూడేళ్లుగా నేను తెర ముందు కూర్చుని ఎప్పుడు వింటానా అని ఎదురుచూసిన మాట అది. ఆ మాట చెప్పడానికే నా చెవులు పీకేశారు.

అక్కను పక్కకు తీసుకుపోయి నియమం సంగతి చెప్పాను. మళ్లీ అక్కడే పెట్టినా సరే, చెవులు తీస్తే చోటు మారినట్టే లెక్క. తెగిన దారాలు బతకవు, ల్యాబు కుండీల్లో ఎప్పుడు తెగినా సాయంత్రానికల్లా ఎండిపోయేవి. కొత్తవి అల్లుకోవాలంటే ఇంకో వానాకాలం కావాలి. మనకున్నది నెలాఖరు వరకే.

"అంటే నీళ్లు రావా?" అంది అక్క.

"రావు."

"గుట్ట?"

"వేలంల ఎవడు పాడుకుంటే వాడిదే."

అక్క ఉన్నచోటే కూలబడిపోయింది. కొత్తచీర మట్టిలో పడినా చూసుకోలేదు. ఈ పట్టింపు నాకు తెలుసు, పండుగ వస్తుందనీ తెలుసు. ఉక్కు కడ్డీకి బదులు కర్రో, పింగాణీయో పెట్టాలన్న ఆలోచన ల్యాబులో ఒక్కరికీ రాలేదు, నాతో సహా.

అంతలో ఇందుశేఖర్ సార్ ఫోను. సంగతంతా విన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "కిందటి వారం సవ్వళ్లు మన దగ్గరున్నాయి. ఈ ఖాళీలో వాటిని నింపేస్తే ఎవరికీ తెలియదు భూలక్ష్మీ. నేల నిజంగానే బతికింది కదా, మనం చెప్పేది అబద్ధమేం కాదు" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. నా కోసమే అన్నారు. నిజం చెప్పొద్దూ, 'సరే సార్' అన్న మాట నా నాలిక చివరిదాకా వచ్చింది.

"ఏమంటడే మీ సారు?" అక్క కింద నుంచే అడిగింది.

"పాత చప్పుళ్లు పెట్టి కొత్తవని చెబుదామంటుండు."

"చెబితే నీళ్లొస్తయా?"

"వస్తయి."

అక్క చాలాసేపు గుట్టకేసి చూసింది. మూడేళ్ల మిరపకోతలు, వాగు చుట్టూ తిరిగిన తిరుగుళ్లు, విన్న తిట్లు, అన్నీ ఆమె మొహంలో కనిపిస్తున్నాయి.

"వద్దులే" అంది చివరికి. "క్వారీవాడు గూడ అట్లనే చెట్లు పెంచిండు. మల్ల మనమెందుకు ఆని లెక్క? ఊరోళ్లకు నేనే చెప్త."

చెప్పింది. డోలు దగ్గర అందరినీ కూర్చోబెట్టి, దాచకుండా చెప్పింది. ఒకాయన లేచి నానా మాటలూ అన్నాడు. మా బావ జోగయ్య వచ్చి అక్క పక్కన నిలబడ్డాడు. అక్క కొంగు నడుముకు దోపుకుని, "మాటిచ్చిన. ఉమ్మెయ్యుండ్రి" అంది.

ఎవరూ కదల్లేదు. చివరికి ముసలి పెర్మే గొంతు సవరించుకున్నాడు. "తియ్యమన్నది నేను, తీసింది ఇంటికొకరు. ఉమ్మితే ఒకల మొగాన ఒకలం ఉమ్ముకోవాలె. సారా తాగిన నోళ్లు, గలీజైతది" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. తిట్టిన ఆయన కూడా తువ్వాలుతో మొహం తుడుచుకుని కూర్చున్నాడు. అక్క మాత్రం నవ్వలేదు.

నేను నిధికి ఉన్నదున్నట్టు రాశాను. పండుగ కోసం చెవులు తీశాం, పండుగ అవగానే అక్కడే పెడతాం అని. కంప్యూటరు క్షణాల్లో జవాబిచ్చింది. 'తొలగింపు నమోదైంది. ముగింపు ప్రక్రియ మొదలైంది.' దాన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు.

మర్నాడు విత్తనాలు పంచుకున్నారు. పండుగ ముగిశాక ఎవరి ఇనుము వాళ్లు తీసుకుపోయారు. చెవులు తీసినవాళ్లే మళ్లీ వచ్చి, ఎవరు తీసిన గుంటలో వాళ్లు గుచ్చారు. తామే కట్టలు కట్టి, రోజూ కంచె బయటి నుంచి చూసిన వాలు గనుక ప్రతి గుంటా వాళ్లకు గుర్తే. నేను ఒక్కో కడ్డీకీ హెడ్‌ఫోన్లు తగిలించి విన్నాను. మొదటిది మూగ. రెండోదీ మూగ. ఆఖరిదాకా అంతే. చివరి గుంట దగ్గర రాతికట్ట మీద కూర్చుని తల పట్టుకున్నాను.

అక్క నన్ను లేపలేదు, ఓదార్చలేదు. ఎండెక్కేదాకా పక్కనే కూర్చుంది. ఊరికే ఉండలేదుగా, కాసేపటికి నా మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్లు తీసి చెవులకు పెట్టుకుంది.

"ఏందే ఇది, చిటచిట అంటాంది? పెంకు మీద జొన్నలు యేగినట్టు."

"చెడిపోయుంటది, తియ్యి" అన్నాను విసుగ్గా.

"ఇగో, మల్ల. ఇప్పుడు బరబర పాకింది ఏదో."

లాక్కుని పెట్టుకున్నాను. చిటచిట. బరబర. ఎక్కడో ఒక వేరు నీళ్లు పీలుస్తున్న టిక్కు టిక్కు. నేను లేచి పక్క గుంటకు పరుగెత్తాను. అదీ పలుకుతోంది! దాని పైది ఇంకా లేదు, ఆ పైది సన్నగా మొదలవుతోంది. రాళ్ల మీద పడి మోకాళ్లు చెక్కుకుపోయాయి. అక్క వెనక నుంచి "మెల్లగే! పండ్లు రాలుతయి!" అని అరుస్తోంది. ఇంతలో ఫోను మోగింది. మా సారు గొంతు నేనెప్పుడూ అంత గట్టిగా వినలేదు.

"తెర మీద గీతలు లేస్తున్నాయి! కొత్త దారాలు కావివి, పాతవే! ప్రతి చెవికీ దాని గొంతు వేరు కదా, అదే గొంతు! తెగిన దారాలు ఒక పగలూ రాత్రీ ఎలా బతికాయి భూలక్ష్మీ? ఎవరు తిండి పెట్టారు వాటికి?"

"నేల పెట్టింది సార్" అన్నాను. అని, అప్పుడు నాకే అర్థమైంది.

ల్యాబు కుండీల్లో తెగిన దారం ఎండిపోయేది, ఎందుకంటే ఆ మట్టికి ఇవ్వడానికేం లేదు. ఇక్కడ తెగిన దారాలను చుట్టూ ఉన్న వేళ్లు, బూజులు కలుపుకున్నాయి, మేపాయి. మట్టి కప్పి వచ్చిన పుణ్యం కూడా ఉంది. కడ్డీ మళ్లీ దిగేసరికి వెతుక్కుని వచ్చి అతుక్కున్నాయి. దారాలు కత్తిరించి చూద్దాం, నేల వాటిని బతికించుకుంటుందో లేదో అనే పరీక్ష చేసే ధైర్యం మాకు చచ్చినా వచ్చేది కాదు. పండుగ పేరు మీద మా ఊరు చేసి పెట్టింది.

ముగింపు నెలాఖరుకు గానీ పూర్తికాదు, అందాకా నిధి కంప్యూటరు వింటూనే ఉంటుంది. అయినా అన్నాళ్లూ గుండె చేతిలో పెట్టుకునే తిరిగాను. సెలవు పెట్టి ఊళ్లోనే ఉండిపోయాను. అక్క తిన్నది తిన్నట్టు లేదు, పడుకున్నది పడుకున్నట్టు లేదు. చివరికి ఒక మధ్యాహ్నం, ఇద్దరం చింతపండు గింజలు తీస్తుండగా ఫోను టింగుమంది. 'పాత దారాలే పలుకుతున్నాయి. చెవుల చోటు మారలేదు. ముగింపు రద్దు. నేల బతికింది. చివరి విడత విడుదలైంది. వినడం పూర్తయింది, వాలు తెరవవచ్చు.' దాని కింద మా సారు సందేశం: ఇకమీదట ఏ ఊళ్లో అయినా నేల పండుగలకు చెవులు పైకి తీయవచ్చని నిధివాళ్లు ఒప్పుకున్నారట, కడ్డీలు కూడా పింగాణీతో చేయబోతున్నామట.

నేను పైకి చదివి వినిపించాను. అక్క చేతిలోని చింతగింజ కింద పడింది.

"నీళ్లొస్తయా?"

"వస్తయే అక్కా! పంపు, ట్యాంకు, అన్నీ!"

"గుట్ట మనదేనా?"

"మనదే!"

ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. రెండూ చేయలేదు. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, "అయితే ఇంక నడవొచ్చా?" అని మాత్రం అడిగింది. నడవొచ్చన్నాను. చరచరా కంచె దగ్గరికి పోయి, చెప్పులు విడిచి, తడిక పక్కకు జరిపి లోపల అడుగుపెట్టింది.

"అక్కా, ఆగు! చెవులు..." అని అలవాటు కొద్దీ అరిచేశాను.

వెనక్కి తిరిగి పెద్దగా నవ్వింది. మూడేళ్లలో అక్క అలా నవ్వడం నేను చూడలేదు.

"విననియ్యే వాటిని! ఎర్రమ్మ వస్తాందని గుట్టకు ఎరకైతది!"

అంటూ దబదబా ఎక్కిపోయింది. కొత్త గడ్డి ఆమె మోకాళ్ల దాకా ఉంది. ఇళ్లలోంచి ఒక్కొక్కరూ బయటికి వచ్చి చూస్తున్నారు, చూసి కంచెవైపు నడుస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ముక్కు చీదుకుని, చెప్పులు విడిచి, నేనూ అక్క వెనకాలే ఎక్కాను.